జిల్లాకొక కిరణయంత్రము

రాచపుండు అని మన పూర్వులు కేన్సరు వ్యాధికి పేరిడిరి. రాజులకు వచ్చునది గనుక ఆ పేరు వచ్చెనో, పుండ్లలో నిది రాజు గనుక వచ్చెనో తేల్చుట నిఘంటుకారుల పని. నేడు మన పెద్దాసుపత్రుల వరండాలలో చాపలు పరచుకొని వరుస తప్పక కూర్చున్నవారిని చూచినచో ఇది రాజుల వ్యాధి యని మాత్ర మెవరును పొరబడరు. సముద్రపుటొడ్డున చుట్ట కాల్చు జాలరి, గుట్కా నమలు లారీ క్లీనరు, పసితనముననే పెండ్లియై ఆరుగురిని కని ఒక్కనాడును వైద్యపరీక్ష యెరుగని కూలి స్త్రీ, వీరే నేడు రాచపుండు ఏలుచున్న ప్రజలు. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థవారి అంచనా ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమునందు క్రొత్తగా ఈ వ్యాధిపాలైనవారు 14 లక్షలకు పైబడిరి. మరణించినవారు 9 లక్షలకు పైబడిరి. రొమ్ము కేన్సరు 1,92,000 మందికి, నోటి కేన్సరు 1,43,000 మందికి, గర్భాశయ ముఖద్వారపు కేన్సరు 1,27,000 మందికి సోకినది. ఈ కడపటిదానిచే ఆ యొక్క యేటనే సుమారు 80,000 మంది స్త్రీలు కన్నుమూసిరి.

2025వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో కేంద్ర ఆర్థిక మంత్రిగారు తమ బడ్జెట్టు ప్రసంగమునందు, దేశములోని జిల్లా ఆసుపత్రులన్నిటను మూడేండ్లలో కేన్సరు డే కేర్ కేంద్రములు నెలకొల్పుదుమనియు, 2025-26లోనే 200 కేంద్రములు ఏర్పడుననియు ప్రకటించిరి. సంతోషింపదగిన మాటయే. ఒక్క సూది మందుకొరకు రాత్రియంతయు బస్సులో కూర్చుండి రాజధానికి పోవు బాధ దీనివలన పెక్కురకు తప్పును. కాని ఆ కేంద్రముల ముఖ్యోద్దేశ మేమి? రోగి ఉదయమున వచ్చి, కుర్చీలో చేరగిలి, నరములోనికి మందెక్కించుకొని, సాయంకాలమునకు ఇల్లు చేరుట. కిరణయంత్రము ప్రసక్తి యందు లేదు. ఈ లోపమును గూర్చి పత్రికలలో గాని శాసనసభలలో గాని తగినంత చర్చ జరుగలేదు. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

ఏ వ్యాజ్యములోనైనను మొదట విచారణాంశమును నిర్ణయించుకొనవలెను. ఇక్కడి విచారణాంశ మిది: మన బీదలకు హెచ్చుగా వచ్చు కేన్సరులను నయముచేయునది మందా, కత్తియా, కిరణమా?

వ్యాధినిబట్టి సమాధానము మారును. రక్తపు కేన్సరులలో మందే ప్రధానము. ఆ త్రోవ తెరచినవారిలో భీమవరమున 1895లో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. అమెరికాలో ఆయన నడపిన ప్రయోగశాలనుండి వెలువడిన ఎమినోప్టెరిన్ మందుతోడనే సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు పసిబిడ్డల రక్తపు కేన్సరును, తాత్కాలికముగానైనను, వెనుకకు త్రిప్పగలిగి ఆ సంగతి 1948లో లోకమునకు చాటెను. కావున మందును నేను తక్కువ చేయుట లేదు. నోటి కేన్సరులో శస్త్రచికిత్స ముందు నడచును. అవసరమగునెడ కిరణము దాని వెంట నడచును. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రివారు 2015లో ప్రకటించిన పరిశోధనలో, తొలిదశ నోటి కేన్సరునకు గడ్డతోపాటు మెడలోని గ్రంథులను గూడ ఆనాడే తీసివేసినవారిలో మూడేండ్లకు నూటికి 80 మంది జీవించియుండగా, గ్రంథులు పొంగినపుడు చూచుకొందమని ఆగినవారిలో 67 మందియే మిగిలిరి. స్వరపేటిక కేన్సరులో మందును కిరణమును కలిపి యిచ్చి, గొంతుక కోయకయే, మాట పోకయే పెక్కురను కాపాడవచ్చునని అమెరికాలో 1991లోనే తేలినది. రొమ్ము కేన్సరులో తొలిదశయం దున్న స్త్రీకి గడ్డను మాత్రము తీసి మిగిలిన రొమ్మునకు కిరణము పెట్టినచో, రొమ్మంతయు తీసివేసినవారితో సమానముగా ఆయుర్దాయ ముండును. ఇట్లు కిరణము ఒకచోట తోడు, ఒకచోట కాపు. మొత్తముమీద కేన్సరు రోగులలో ఇంచుమించు సగముమందికి ఎప్పుడో యొకప్పుడు కిరణచికిత్స అవసరమగునని లెక్కలు గట్టినవారు చెప్పుచున్నారు.

గర్భాశయ ముఖద్వారపు కేన్సరు విషయమున సంగతి వేరు. తొలిదశలో కనిపెట్టినచో శస్త్రచికిత్సతో పోవును. ముదిరినపిదప కత్తికి పని లేదు, దిక్కు కిరణమే. మన స్త్రీలలో పెక్కురు ఆసుపత్రి గడప త్రొక్కునది ముదిరినపిదపనే. వారమున కైదు దినముల చొప్పున సుమారు ఐదు వారములు వెలుపలినుండి కిరణము పెట్టుదురు. ఆ తరువాత గర్భాశయములోనికే సన్నని గొట్టమును పోనిచ్చి, దాని ద్వారమున కిరణధాతువును పంపి లోపలినుండి మూడు నాలుగు మారులు చికిత్స చేయుదురు. ఈ లోపలి చికిత్స జరుగనిచో వెలుపలిది సగము ఉడికిన వంటయే. 1999నుండి దీనికి తోడుగా వారమున కొకమారు సిస్‌ప్లాటిన్ అను మందు ఎక్కించుట వాడుకయైనది. ఆ మందువలన కలిగిన లాభ మెంత? టాటా ఆసుపత్రివారు మూడవ దశలోనున్న 850 మంది స్త్రీలను రెండు జట్లుగా విభజించి యేండ్లకొలది కనిపెట్టి చూచి, 2018లో ఫలితమును ప్రకటించిరి. కిరణమును మాత్రమే పొందిన జట్టులో ఐదేండ్లకు నూటికి 46 మంది జీవించియుండిరి. మందుకూడ చేర్చిన జట్టులో 54 మంది. ఎనిమిది ప్రాణములు చిన్నవి కావు. ఆ మందును మానుమని యెవరు చెప్పుదురు? ఐనను పద్దు చూడుడు. నలువదియారు కిరణము ఖాతాలోనివి, ఎనిమిది మందు ఖాతాలోనివి. గుడి మాటలలో చెప్పవలెనన్న కిరణము మూలవిరాట్టు, మందు ఉత్సవమూర్తి. ఊరూరికి ఉత్సవమూర్తిని పంపి, మూలవిరాట్టును నగరమునందే యుంచి తలుపులు మూయుట ఏమి ఆలయనిర్వాహము?

కిరణచికిత్స యనగా నేమో యెరుగక మన పల్లెలలో దీనిని "కరెంటు పెట్టుట" అందురు. విద్యుద్ఘాతము వంటిదని జడియువారు కలరు. యంత్రము క్రింద పడుకొన్నవానికి నొప్పి యుండదు, వేడి తగులదు. కొలది నిమిషములలో లేచి రావచ్చును. వెలుపలినుండి కిరణము పెట్టించుకొన్నవారు ఇంటికి పోయి మనుమనిని ఎత్తుకొనవచ్చును. వారినుండి ఎవరికిని కిరణము అంటదు. పరీక్షకై ముక్క తీసినచో వ్యాధి ప్రాకునను భయము మరియొకటి. ఈ భయమువలననే నెలలు గడచి, ముక్క తీయకున్నను వ్యాధి ప్రాకుచున్నది.

ఈ కిరణముల కథ పొడుగైనది, రక్తముతో తడిసినది. 1895 నవంబరులో జర్మనీలోని వర్జుబర్గున రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. 1898లో పారిసున క్యూరీ దంపతులు రేడియమును కనుగొని, దానిని వేరుచేయు విధానముపై హక్కుపత్రము పొందక లోకమునకు వదలిపెట్టిరి. ఈనాటి మందుల వర్తకులు ఆ సంగతిని ఒక్కమారు స్మరించుట మంచిది. మేడం క్యూరీ 1934లో రక్తక్షీణతతో మరణించెను. హాంబర్గునందు 1936లో నాటిన స్మారక శిలపై ఈ కిరణములచే ప్రాణములు గోలుపోయిన 169 మంది వైద్యుల, శాస్త్రజ్ఞుల, పరిచారకుల పేరులు చెక్కబడినవి. తొలినాళ్ల వైద్యులు మోతాదంతయు ఒక్కమారే పెట్టి చర్మమును కాల్చివేసెడివారు. పారిసులోని రేడియము సంస్థలో రెగో అను ఆయన పొట్టేళ్లపై ప్రయోగములు చేసి, ఒకే దినమున పెట్టిన మోతాదు చర్మమును మాడ్చునుగాని లోపలి బీజకణములను పూర్తిగా నశింపజేయదనియు, దానినే కొన్ని దినములకు పంచినచో చర్మము నిలుచును, బీజకణములు నశించుననియు కనుగొనెను. ఆయన సహచరుడు కూటార్ ఈ పద్ధతితో గొంతు కేన్సరులను నయముచేసెను. నేటి చికిత్స ఇన్ని దినములు పట్టుటకు మూల మిదియే.

దినములుగా పంచుటలో నొక మర్మ మున్నది, ఒక ప్రమాదమును ఉన్నది. మర్మ మేమనగా, కిరణము తగిలిన ఆరోగ్యకణము రాత్రికి రాత్రి తన దెబ్బను బాగుచేసికొనును. వ్యాధికణమున కా నేర్పు తక్కువ. ప్రమాద మేమనగా, చికిత్స ఆరంభించిన నాలుగు వారములకు చావక మిగిలిన వ్యాధికణములు మునుపటికన్న వేగముగా పెరుగుట మొదలిడును. వరిచేలో తుంగను సగము పీకి విడిచిన రైతు కీ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పీకకముందు కన్న పీకినపిదపనే అది దట్టముగా లేచును. అందుచేత గర్భాశయ ముఖద్వారపు చికిత్స వెలుపలిది, లోపలిది కలిపి ఎనిమిది వారములలో ముగియవలెను. ఆ గడువు దాటిన ప్రతి దినమునకు నయమగు అవకాశము సుమారు నూటి కొక పాలు తరుగును. తల, మెడ కేన్సరులలోను ఇంతే. వారమున కైదు దినములకు బదులు ఆరు దినములు కిరణము పెట్టి, అదే మోతాదును ఒక వారము ముందుగా ముగించినచో ఏమగునని నాలుగు ఖండముల ఆసుపత్రులలో పరీక్షించి 2010లో ప్రకటించిరి. ఐదేండ్లకు వ్యాధి అణగియున్నవారు నూటికి 30 నుండి 42కు పెరిగిరి. క్రొత్త మందు లేదు, క్రొత్త యంత్రము లేదు. ఆదివారమునకు ముందు మరియొక దినము తలుపు తెరచియుంచుట, అంతే.

న్యాయస్థానములలో వాయిదాలకు అలవాటుపడిన ప్రాణము నాది. అక్కడ వాయిదా పడిన వ్యాజ్యము పదేండ్లకైనను డిక్రీ అగును, వడ్డీతోసహా రావచ్చును. ఇక్కడి వాయిదాకు వడ్డీ రోగియే చెల్లించును.

కొన్నాళ్ల క్రిందట నా కక్షిదారుడైన యొక చేనేత కార్మికుని భార్యను, మా సేవాసంఘపు వలంటీర్లతో కూడి, దూరపు పట్టణములోని యొక ఆసుపత్రిలో చేర్పించితిని. గర్భాశయ ముఖద్వారపు కేన్సరు, ముదిరినది, ఐనను నయముచేయ వీలున్నదని వైద్యులు చెప్పిరి. పదునాలుగు దినములు కిరణము పెట్టునప్పటికి రక్తస్రావము కట్టినది, నడుము నొప్పి తగ్గినది. పదునైదవనాడు యంత్రము చెడినది. రావలసిన యొక విడిభాగము సముద్రముల కవతలినుండి రావలెనట. ఎప్పుడు వచ్చునో అక్కడివా రెవరును చెప్పలేకపోయిరి. సత్రములో రెండు ప్రాణుల తిండి, గది అద్దె, ఇంటివద్ద మగ్గము మూత. ఐదవనాడు ఆమె మూట గట్టుకొన్నది. నేను ఫోనులో వారించబోగా, "నెత్తురు ఆగింది గదా బాబుగారూ, నొప్పీ లేదు. ఇంక దేనికి ఈ అప్పులు?" అన్నది. ఆ ప్రశ్నలో తెలివితక్కువ యేమియు లేదు. వ్యాధి పోవుటకును, వ్యాధి బాధ పోవుటకును భేద మున్నదని ఆమెకు తెలియజెప్పు బాధ్యత మనది, చెప్పినవారు లేరు. యంత్రము బాగుపడిన వార్త వచ్చి, ఆమెను బ్రతిమాలి తిరిగి తీసికొనిపోవునప్పటికి ఇరువదిరెండు దినములు గడచినవి. చికిత్స ముగించిరి. ఏడాది తిరుగకముందే వ్యాధి తిరిగినది. ఆ యిరువదిరెండు దినములు వృథా కాకున్నచో ఆమె బ్రదికియుండెడిదని నేను ప్రమాణము చేయజాలను. బ్రదుకుటకు ఆమె కున్న అవకాశమును మాత్రము మనమందరము కలసి తగ్గించితిమి.

యంత్రముల సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. నేడు వాడుకలోనున్నవి రెండు తెగలు. ఒకటి కోబాల్టు యంత్రము. సీసపు కవచములో నుంచిన కోబాల్టు-60 ధాతువునుండి కిరణము తనంత తానే వచ్చుచుండును. రెండవది లీనియర్ యాక్సిలరేటరు. విద్యుచ్ఛక్తితో కిరణమును పుట్టించునది. రెండవది సూక్ష్మమైనది, కిరణమును వ్యాధి ఆకారమున కనుగుణముగా మలచి, ఉమ్మి గ్రంథుల వంటివాటిని తప్పించి పెట్టగలదు. నోటి, గొంతు రోగులకు ఇది గొప్ప మేలు. జీవితాంతము నోరెండుట తగ్గును. కాని దాని వెల హెచ్చు. తరుగని విద్యుత్తు, చల్లని గది, నేర్పరియైన మెకానిక్కు దానికి నిత్యావసరములు. కోబాల్టు యంత్రము మోటుది, ఓపికగలది. దాని దోష మొకటి కలదు: ధాతువు సుమారు ఐదేండ్ల మూడు నెలలకు సగము బలమునకు దిగిపోవును. క్రొత్తగా నున్నపుడు రెండు నిమిషములలో అయిన పని అప్పటికి నాలుగు నిమిషములు పట్టును. యంత్రము దినమునకు చూడగల రోగుల సంఖ్య తగ్గిపోవును. వరండాలోని వరుస పెరుగును. ధాతువును సకాలమున మార్పించు పద్దు బడ్జెట్టులో లేక ముసలిధాతువుతో ఈడ్చుకొనివచ్చు ఆసుపత్రికి యంత్ర మున్నట్లా, లేనట్లా?

ఇక్కడ స్వదేశీ మాట వచ్చును. భాభా అణుపరిశోధన కేంద్రమువారు భాభాట్రాన్ అను కోబాల్టు యంత్రమును మన దేశముననే నిర్మించిరి; మొదటిది 2005లో నవీ ముంబయి ఖార్ఘరులోని టాటా వారి కేన్సరు కేంద్రమున నెలకొన్నది. దానికి కావలసిన కోబాల్టు మన అణువిద్యుత్కేంద్రములలోనే తయారగుచున్నది. లీనియర్ యాక్సిలరేటరును సైతము ప్రభుత్వపు సమీర్ సంస్థవారు "సిద్ధార్థ" అను పేర నిర్మించి, గాంధీమహాత్ముడు నివసించిన సేవాగ్రామములోని వైద్యకళాశాలలో పెట్టిరి. ఇవి కలలు కావు, పనిచేసిన యంత్రములు. భాభాట్రానును మన ప్రభుత్వము వియత్నామునకు బహూకరించెను. ఇది గర్వింపదగిన దానమే. కాని పరదేశమునకు దానమీయగల వస్తువు మన కొండలలోని పాడేరు వాసికి విశాఖపట్టణము దిగివచ్చిన గాని అందనిదై యుండుటయు, ఆదిలాబాదు స్త్రీ సుమారు 300 కిలోమీటర్లు దాటి హైదరాబాదు చేరవలసియుండుటయు గర్వమునకు తగిన సంగతులు కావు. పది లక్షల జనాభాకు కనీస మొక యంత్ర ముండవలెనని వాడుకలోనున్న లెక్క. 140 కోట్లకు 1,400. ఆ సంఖ్య మనకు నేటికిని దూరముననే యున్నది. ఉన్నవానిలోను హెచ్చుపాలు పెద్ద నగరములందు ఒకదాని ప్రక్క నొకటి క్రిక్కిరిసి యున్నవి.

దీనికి చెప్పబడు ఆక్షేపణలు నాకు తెలియును. కోబాల్టు పాతబడిన పద్ధతి యని కొందరు వైద్యులు ముక్కు చిట్లింతురు. నోటి రోగుల విషయమున వారి మాట నిజమే. అట్టివారిని ప్రాంతీయ కేంద్రములోని యాక్సిలరేటరునకే పంపవలెను. గర్భాశయ ముఖద్వారపు చికిత్సలో వెలుపలి పాలును కోబాల్టుతో చక్కగా నడపవచ్చును. వాడుకనుండి తొలగించిన ధాతువును కాపలా లేక విడిచినచో ప్రాణాపాయమను మాటయు నిజమే. 1987లో బ్రెజిల్ దేశపు గోయానియా పట్టణమున పాడుబడిన చికిత్సాలయములోని సీజియము యంత్రమును పాతసామానువారు పగులగొట్టగా నలుగురు మరణించిరి. మన ఢిల్లీలోనే 2010లో మాయాపురి పాతయినుము బజారునకు చేరిన కోబాల్టు ఒక కూలివాని ప్రాణము దీసెను. ఈ రెండు చోట్లను తప్పు ధాతువుది కాదు, పద్దుపుస్తకమునుండి దానిని మరచినవారిది. యంత్రమునకు తోడు భౌతికశాస్త్రజ్ఞుడు, శిక్షితులైన సాంకేతికులు, కిరణవైద్యుడు ఉండవలెను. లేనిచోట అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి యీయరాదు. జిల్లాలకు వైద్యులు రారందురు. జీతము, ఇల్లు, బిడ్డల చదువు చూపి అడిగిన పిదప రానిచో అపుడు చెప్పుకొనవచ్చును.

దినములను తగ్గించుట మరియొక మార్గము. ఇంగ్లండులో నాలుగువేలమంది రొమ్ము కేన్సరు రోగులపై పరీక్షించి, మూడు వారములలో 15 మారులు పెట్టుదానికి బదులు ఒక్క వారములో 5 మారులు పెట్టినను ఫలితము తక్కువ కాదని 2020లో ప్రకటించిరి. ఎముకలకు ప్రాకిన వ్యాధి నొప్పికి ఒకే దినమున ఒకే మోతాదు పెట్టినను, పది దినములు పెట్టినంత ఉపశమనము కలుగునని ఎన్నో పరీక్షలలో తేలినది. ఐనను నొప్పితో మూలుగు ముసలివారిని పది దినములు త్రిప్పుట అక్కడక్కడ సాగుచునే యున్నది. ధనవంతునికి తొమ్మిది దినముల వ్యత్యాసము విసుగు. కూలివానికి తొమ్మిది దినముల కూలి.

నయముకాని స్థితికి వచ్చినవారి నొప్పిని గూర్చి చట్టమెరిగినవాడనుగా ఒక్క మాట. 1985 నాటి మత్తుపదార్థముల చట్టమునకు జడిసి మన ఆసుపత్రులు మార్ఫీనును దగ్గరకు రానీయక రోగులను ఏడ్వనిచ్చినవి. 2014లో ఆ చట్టమును సవరించి, వైద్యమున కవసరమైన అట్టి మందులను అనుమతిపొందిన సంస్థలు సులభముగా నుంచుకొనుటకు వీలు కల్పించిరి. చట్టము మారినది, భయము మారలేదు. సవరణ ప్రతిని జిల్లా ఆసుపత్రి పర్యవేక్షకుల బల్లమీద పెట్టుట మా న్యాయవాదుల సంఘములు చేయదగిన పని.

ప్రభుత్వము ఏమియు చేయుట లేదని నేను అనను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ, తరువాత పేరులు మారుచు వచ్చినను, కిరణచికిత్స ఖర్చును భరించుచున్నది. రైళ్లలో కేన్సరు రోగులకు రాయితీ కలదు. కాని అది యంత్రపు అద్దె. మగ్గము మూతకు, మేకల కాపరి లేమికి, ఇంటివద్ద విడిచిన బిడ్డకు పద్దు లేదు. ఆసుపత్రి ప్రక్కన ధర్మశాల, రెండుపూటల అన్నము ఉన్నచోట రోగులు మధ్యలో పోరు. మన తిరుపతి, అన్నవరము సత్రములు కట్టిన చేతులు కేన్సరు సత్రము కట్టలేవా?

కట్టిన చేతులు మునుపు లేకపోలేదు. దేశబంధు చిత్తరంజన దాసుగారు న్యాయవాది, లక్షలార్జించినవాడు. తన భవనమును స్త్రీల వైద్యమునకై జాతికి ధారపోసి 1925లో గతించెను. మరుసటి యేట అచట చిత్తరంజన సేవాసదనము వెలసెను. దాని యనుబంధముగా కేన్సరు ఆసుపత్రిని 1950 జనవరి 2వ తేదీన ప్రారంభించినది క్యూరీ దంపతుల కుమార్తెయైన ఐరీన్ జోలియో-క్యూరీ. చెల్లెలు కేన్సరుతో కుములుచుండ చూచిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు, ఆ దుఃఖమును మరువక, 1954లో మదరాసు అడయారున కేన్సరు సంస్థను నెలకొల్పిరి. నెల్లూరు, చిత్తూరు జిల్లాల రోగు లెందరో ఆ గడపనే త్రొక్కిరి. హైదరాబాదున మెహ్దీ నవాజ్ జంగుగారి పేర నేటికిని నడచుచున్న కేన్సరు ఆసుపత్రి 1955 నాటిది. ఇన్నేండ్లలో మన జనాభా ఎంత పెరిగినది, అట్టి సంస్థ లెన్ని పెరిగినవి?

కిరణమువరకు రాకుండ ఆపుటయే మేలందురు, ఎవరు కాదందురు? ముంబయి మురికివాడలలో 1,50,000 మంది స్త్రీలను చేర్చి, సామాన్య విద్యగల ఆరోగ్యకార్యకర్తలచేత వెనిగరు పూసి ముఖద్వారమును పరీక్షింపజేయగా ఆ కేన్సరుచే మరణములు నూటికి 31 వంతులు తగ్గినవని 2014లో వెల్లడియైనది. ఖర్చు స్వల్పము. వ్యాధికి మూలమైన వైరసునకు స్వదేశీ టీకాకు 2022లో అనుమతి లభించినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున నిప్పువైపు నోటిలో పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటు అంగిటి కేన్సరునకు కారణమని వైద్యులు 1957 నాటికే వ్రాసిరి. ఇవన్నియు చేయవలసినవే. కాని నేడు టీకా వేసిన బాలికకు ఫలితము ముప్పదేండ్లకు. ఆమె తల్లికి రక్తస్రావము నేడు.

ఈ విషయమై రాష్ట్ర ఆరోగ్యమంత్రిగారికి పంపదలచిన విజ్ఞాపనమును మా సంఘమువారు సిద్ధపరచిరి. అందలి కోరికలు క్రొత్తవి కావు: జిల్లా కేంద్రములలో, మొదట దూరపు జిల్లాలలో, లోపలి చికిత్సా సాధనముతో కూడిన స్వదేశీ కోబాల్టు యంత్రము, ధాతువు మార్చుటకు ముందుగనే కేటాయించిన నిధి, యంత్రము మూడు దినములకు మించి ఆగినచో రోగులను మరియొక ఆసుపత్రికి ప్రభుత్వ ఖర్చుతో చేర్చు నిబంధన, ఆసుపత్రి ఆవరణలో ధర్మశాల, చికిత్స దినములకు కూలి భత్యము. మూడవ కోరికకు యంత్రమైనను కొననక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలును. ప్రతులు పఠనమందిరములకు పంపబడినవి. చేవ్రాలు చేయదలచినవారు వచ్చే ఆదివారము సాయంకాలములోగా చేయవలెను. సోమవారము ఉదయపు బస్సులో అవి రాజధానికి పోవును.